బాస్ పెంచే ముందు బోనెట్ ఎత్తండి

రాత్రిపూట సిగ్నల్ దగ్గర ఆగిన కార్లను గమనించారా? లోపల సబ్‌వూఫర్ ధబ్ ధబ్ మంటుంటుంది. ఒక్కో దెబ్బకీ హెడ్‌లైట్లు కాస్త మసకబారి మళ్లీ వెలుగుతుంటాయి. 'లైట్లు కూడా స్టెప్పులేస్తున్నాయి చూడ్రా' అంటూ ఫ్రెండ్స్ రీల్ తీస్తుంటారు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ లైట్లు చెప్తున్న సంగతి వేరు. యాంప్లిఫయర్ లాగేంత కరెంటు ఇవ్వడం ఆ కారు వల్ల కావట్లేదు. బీట్ పడిన ప్రతిసారీ వోల్టేజి పడిపోతోంది.

యాంప్ కొనేటప్పుడు మనం వాట్లు చూస్తాం, బ్రాండు చూస్తాం, ఆఫర్ ఎప్పటిదాకా ఉందో చూస్తాం. ఆ వాట్లకి కరెంటు ఎక్కడి నుంచి రావాలి, ఏ వైరు మీద రావాలి, ఆ వైరుకి కాపలా ఎవరు అని మాత్రం అడగం. షాపువాళ్లూ అడగరు. పాట బాగా వినిపించకపోతే పోనీ, మళ్లీ సెట్ చేయించుకోవచ్చు. వైరు కాలితే మాత్రం కారే పోతుంది. అందుకే ఈ వారం యాంప్ గురించి తక్కువ, దాని వెనకున్న కరెంటు దారి గురించి ఎక్కువ మాట్లాడుకుందాం.

బోరు, ట్యాంకు, పైపు

కారు ఎలక్ట్రికల్ సిస్టమ్‌ని మన అపార్ట్‌మెంట్ నీళ్ల సిస్టమ్‌లా ఊహించుకోండి. ఆల్టర్నేటర్ అంటే బోరు మోటారు. మన మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు తయారు చేసేది అదే. బ్యాటరీ అంటే పైన ఉన్న ట్యాంకు. మోటారు తోడింది దాచుకుని, అవసరానికి వదులుతుంది. వైరు అంటే పైపు. యాంప్ అంటే పెళ్లివారి వంటశాల. ఒకేసారి బోలెడు నీళ్లు అడుగుతుంది.

వంటశాలకి ఎంత పెద్ద కుళాయి బిగించినా, పైపు అర అంగుళందైతే నీళ్లు సన్నగానే వస్తాయి. పైపు మార్చినా బోరులో నీళ్లు లేకపోతే ట్యాంకు ఖాళీ అవుతుంది. కారులోనూ అంతే. యాంప్ కరెంటుని పుట్టించదు. బ్యాటరీ వైపు నుంచి వచ్చిన 12 వోల్టుల కరెంటుని స్పీకర్‌కి పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఆ మార్పులో కొంత వేడిగా పోతుంది కూడా.

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు ఉంటుంది. ఇంజన్ ఆన్ చేస్తే ఆల్టర్నేటర్ దాన్ని 13.8 నుంచి 14.4 వరకు తీసుకెళ్తుంది. ఈ రెండు నంబర్లు గుర్తు పెట్టుకోండి. ఇంజన్ నడుస్తూనే, పాట మోగుతుండగా వోల్టేజి 12.6 కిందికి దిగిందంటే మోటారు సరిపోక ట్యాంకు ఖాళీ అవుతోందని అర్థం.

డబ్బా మీద 4000, లోపల ఎంత?

ముందు యాంప్ అసలు సైజు తెలుసుకోవాలి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 'మ్యాక్స్', 'పీక్', 'పీఎంపీఓ' వాట్లని పక్కన పెట్టేయండి. పనికొచ్చేది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగలిగే పవర్. 'సీటీఏ-2006' అనే ప్రమాణం ప్రకారం కొలిచామని రాసి ఉంటే ఇంకా మంచిది. అందులో 14.4 వోల్టులు, 4 ఓమ్‌ల లోడు, 1 శాతానికి మించని డిస్టార్షన్ అని కొలిచే పద్ధతి ఖాయంగా ఉంటుంది.

ఏమీ రాసి లేకపోతే ఒక చిట్కా ఉంది. యాంప్ ఒంటి మీదే ఫ్యూజులు ఉంటాయి, వాటిని చూడండి. '4000 వాట్స్' అని రాసిన యాంప్‌కి 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉందనుకోండి. 30ని 14.4తో గుణిస్తే 432 వాట్లు. అది లోపలికి వెళ్లే పవర్. అందులో 80 శాతం బయటికి వచ్చినా 345 వాట్ల చిల్లర. మిగతా మూడు వేల ఆరొందలూ డబ్బా మీద ఇంకుగానే ఉన్నాయి.

ఇప్పుడు నిజంగానే 1000 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే యాంప్ తీసుకుందాం. సబ్‌వూఫర్‌లకి ఎక్కువగా వాడే క్లాస్-డి రకం సుమారు 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంది. 1000 బయటికి రావాలంటే 1250 లోపలికి వెళ్లాలి. దాన్ని 13.8 వోల్టులతో భాగిస్తే దాదాపు 90 ఆంపియర్లు. అదే పాత క్లాస్-ఏబీ రకమైతే సామర్థ్యం 55 శాతం దగ్గర ఉంటుంది, అప్పుడు 130 దాటుతుంది. మన ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లే. అక్కడ వోల్టేజి 230 కాబట్టి సరిపోతుంది. ఇక్కడ వోల్టేజి తక్కువ, అందుకే ఆంపియర్లు అంతలా పెరుగుతాయి. కారు ఆడియోలో కష్టమంతా ఇక్కడే ఉంది.

మీ కారు దగ్గర మిగులు ఎంత?

చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ఆల్టర్నేటర్ సాధారణంగా 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య ఉంటుంది. దాని ఒంటి మీద స్టిక్కర్ చూస్తే తెలుస్తుంది. ఉదాహరణకి 70 అనుకుందాం. ఆ 70 కూడా ఇంజన్ బాగా తిరుగుతున్నప్పటి మాట. ఐడిల్‌లో అందులో సగం రావడమే ఎక్కువ. బోనెట్ కింద వేడెక్కే కొద్దీ ఇంకా తగ్గుతుంది. మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ కారుని తలుచుకోండి.

ఇక కారు సొంత ఖర్చు. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోవర్, రేడియేటర్ ఫ్యాన్, ఫ్యూయల్ పంపు, ఇంజన్ కంప్యూటర్ అన్నీ కలిపి రాత్రిపూట ఏసీతో వెళ్తుంటే 40 ఆంపియర్ల దాకా వెళ్తుంది. అంటే హైవే మీద మిగులు 30. సిగ్నల్ దగ్గర మిగులు సున్నా, ఒక్కోసారి అప్పు.

యాంప్ ఎప్పుడూ 90 లాగదు, అది నిజమే. పాటలో బీట్‌కీ బీట్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి సగటున అందులో మూడో వంతు అనుకోవచ్చు. డీజే రీమిక్స్‌లు ఫుల్ సౌండ్‌లో పెడితే ఇంకా పెరుగుతుంది. మూడో వంతే అనుకున్నా 30 ఆంపియర్లు. హైవే మీద లెక్క సరిగ్గా సరిపోయింది. సిటీ ట్రాఫిక్‌లో మాత్రం ప్రతి నిమిషం బ్యాటరీ నుంచే అప్పు తీసుకుంటున్నారు. రోజూ గంటసేపు ట్రాఫిక్‌లో పాటలు వింటూ ఆఫీసుకెళ్లే కుర్రాడి బ్యాటరీ త్వరగా ఎందుకు చేతులెత్తేస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

అందుకే పని మొదలుపెట్టే ముందు కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. ఆల్టర్నేటర్ ఎంత, కారు ఖర్చు ఎంత, యాంప్ సగటు ఎంత. మూడోది మిగులు కంటే ఎక్కువైతే, యాంప్ తగ్గించాలి లేదా ఆల్టర్నేటర్ పెంచాలి. ఇంకో దారి లేదు.

బారాణా కోడికి చారాణా మసాలా

మన హైదరాబాద్‌లో చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. కారు ఆడియోలో జరిగేది తిరగేసి. యాంప్‌కి వేలకి వేలు పెట్టి, చివర్లో 'వైరింగ్ కిట్ ఏదో ఒకటి వేసెయ్ అన్నా' అంటారు. ఆ 'ఏదో ఒకటి' ఎంత నష్టమో చిన్న లెక్క చూడండి.

బోనెట్ నుంచి డిక్కీ దాకా వైరు సుమారు 5 మీటర్లు. 8 గేజి అసలు రాగి వైరుకి, అంటే దాదాపు 8.4 చదరపు మిల్లీమీటర్ల వైరుకి, ఆ పొడవులో 10 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. 90 ఆంపియర్లు పోతే దారిలోనే 0.9 వోల్టులు మాయం. 80 వాట్లకి పైగా వేడి, అదీ కార్పెట్ కింద. 4 గేజి అంటే 21 చదరపు మిల్లీమీటర్లు వేస్తే ఆ నష్టం 0.4 వోల్టుల లోపే ఉంటుంది. అందుకే 1000 వాట్ల దగ్గర 4 గేజి కనీసం, ఇంకా పైకి వెళ్తే జీరో గేజి. గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావెక్కుతుంది, తికమక పడకండి.

ఇంకో మోసం కూడా ఉంది. చవక కిట్లలో వచ్చేది చాలావరకు 'సీసీఏ' వైరు, అంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం. అదే లావున్న రాగి వైరుతో పోలిస్తే రెసిస్టెన్స్ సుమారు ఒకటిన్నర రెట్లు. వాడకూడదని కాదు, వాడితే ఒక సైజు పెద్దది వేయాలి. కొనేటప్పుడు చిన్న ముక్క కోసి, తీగ కొసని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. పైన దళసరి ప్లాస్టిక్ వేసి లోపల సన్న తీగలు పెట్టే వైర్లూ ఉంటాయి కాబట్టి, బయటి లావు చూసి మోసపోవద్దు.

తమాషా ఏమిటంటే బ్యాటరీ స్టిక్కర్ మీద కూడా 'సీసీఏ' అని ఉంటుంది. అక్కడ దానర్థం వేరు. చలిలో సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఇవ్వగలిగిన కరెంటు. బ్యాటరీ మీద ఆ అంకె ఎక్కువుంటే సంతోషించండి, వైరు మీద ఆ మూడు అక్షరాలు కనిపిస్తే జాగ్రత్త పడండి.

ఫ్యూజు ఎవరి కోసం?

ఈ కాలమ్ మొత్తంలో ఒక్క పేరా చదవాలంటే ఇదే చదవండి. బ్యాటరీ దగ్గర పెట్టే మెయిన్ ఫ్యూజు యాంప్‌ని కాపాడడానికి కాదు. యాంప్‌కి దాని సొంత ఫ్యూజులున్నాయి. ఈ ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడడానికి, అంటే ఆ వైరు పక్కన కూర్చున్న మిమ్మల్ని కాపాడడానికి.

కారు బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదలగలదు. సెల్ఫ్ మోటారు తిప్పేది ఆ శక్తే. పవర్ వైరు ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనున్న రేకులోంచి, డోరు అంచు కింద నుంచి, వెనక సీటు పక్క నుంచి డిక్కీలోకి వెళ్తుంది. చాలా కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. రేకు అంచుకి రాసుకుని రాసుకుని ఒకరోజు వైరు తొడుగు తెగి, ప్లస్ వైరు బాడీకి తగిలితే? ఫ్యూజు ఉంటే టప్‌మని పోతుంది, కథ అక్కడితో అయిపోతుంది. లేకపోతే వైరే హీటర్ కాయిల్‌లా ఎర్రగా కాలుతుంది.

అందుకే రెండు రూల్స్. ఒకటి, ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు రెండు జానల దూరంలో, గట్టిగా చెప్పాలంటే 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. డిక్కీలో యాంప్ పక్కన పెడితే మధ్యలో ఉన్న 5 మీటర్లకీ దిక్కు లేదు. రెండు, ఫ్యూజు సైజు వైరు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ ఉండకూడదు. మంచి రాగి వైరుకైతే 8 గేజికి 50 ఆంపియర్లు, 4 గేజికి 100 నుంచి 125, జీరో గేజికి 250 దాకా అనుకోవచ్చు. సీసీఏ అయితే ఇంకా తగ్గించాలి. రేకులోంచి వైరు తీసే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రెండు యాంప్‌ల కోసం లావు వైరుని రెండు సన్న వైర్లుగా విడదీస్తే, విడదీసిన చోట ఒక్కోదానికీ దాని సైజుకి తగ్గ ఫ్యూజు మళ్లీ పెట్టాలి.

మా టీమ్‌లో ఒక కుర్రాడి కారులో కొన్నాళ్లుగా ప్లాస్టిక్ వేడెక్కిన వాసన వస్తోంది. అంతకుముందు మెయిన్ ఫ్యూజు రెండు మూడుసార్లు పోయిందట. బిగించిన షాపులో '50ది ఆగట్లేదు, 100ది వేస్తా' అని వేసి పంపారు. అప్పట్నుంచి ఫ్యూజు పోలేదు, వాసన మొదలైంది. కార్పెట్ ఎత్తి చూస్తే 8 గేజి సీసీఏ వైరు, పట్టుకుంటే గోరువెచ్చగా, తొడుగు మెత్తబడి ఉంది. ఫ్యూజు పోవడం అనేది ఆ వైరు 'నా వల్ల కావట్లేదు' అని చెప్పడం. వాచ్‌మన్ మాటిమాటికీ విజిల్ వేస్తున్నాడని అతనికి నిద్రమాత్ర వేస్తే దొంగతనాలు తగ్గుతాయా? ఫ్యూజు పోతే వైరు వెతకండి, షార్ట్ వెతకండి. పెద్ద ఫ్యూజు మాత్రం వెతకొద్దు.

మర్చిపోయే సగం దారి: ఎర్త్

వెళ్లిన కరెంటు మళ్లీ బ్యాటరీ మైనస్‌కి రావాలి. కారులో ఆ దారి బాడీయే. యాంప్ మైనస్ నుంచి బాడీకి వేసే ఎర్త్ వైరు ప్లస్ వైరు ఎంత లావుందో అంతే లావుండాలి, అర మీటరు లోపే ఉండాలి. బిగించే చోట పెయింటు మొత్తం గీకి మెరిసే ఇనుము కనిపించాలి. పెయింటు కరెంటుని పోనివ్వదు. లగ్గు క్రింప్ చేసి నట్టు బోల్టుతో బిగించాక, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజో పెయింటో పూయాలి. సీటుబెల్టు బోల్టుని మాత్రం ముట్టుకోకండి. అది ప్రాణం కాపాడే బోల్టు, దాని బిగువులో తేడా రాకూడదు.

పని సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోడానికి మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, బాస్ ఎక్కువున్న పాట పెట్టి, ముందు బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర కొలవండి. తర్వాత అదే పాటకి యాంప్ టెర్మినల్స్ దగ్గర కొలవండి. తేడా అర వోల్టు దాటకూడదు. ఆ కుర్రాడి కారులో బ్యాటరీ దగ్గర 13.6 చూపిస్తుంటే యాంప్ దగ్గర 12కి కాస్త తక్కువే వచ్చింది. ఎర్త్ లగ్గు పెయింటు మీదే బిగించి ఉంది. 4 గేజి రాగి వైరు, సరైన ఫ్యూజు, గీకిన ఎర్త్, ఈ మూడూ మార్చాక తేడా 0.4కి దిగింది. యాంప్ అదే, సబ్ అదే. 'కొత్త సబ్ కొన్నట్టుంది బ్రో' అన్నాడు.

బిగ్ త్రీ అంటే

కారు ఆడియో వాళ్ల మాటల్లో తరచూ వినిపించే పదం 'బిగ్ త్రీ'. పెద్ద రహస్యమేమీ కాదు. కంపెనీ నుంచి వచ్చిన మూడు ముఖ్యమైన వైర్ల పక్కన ఇంకో మూడు లావు వైర్లు వేయడం. ఆల్టర్నేటర్ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి ఒకటి, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒకటి, ఇంజన్ నుంచి బాడీకి ఒకటి. కంపెనీ వాళ్లు తమ లెక్క ప్రకారం కారుకి సరిపడా వైర్లే ఇచ్చారు. మీరు పెట్టబోయే వంటశాల వాళ్ల లెక్కలో లేదు కదా.

పాత వైర్లు తీసేయక్కర్లేదు, వాటికి తోడుగా వేస్తే చాలు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కొత్త ప్లస్ వైరుకి కూడా ఫ్యూజు పెట్టాలి. పని మొదలుపెట్టేటప్పుడు ముందు మైనస్ టెర్మినల్ తీయండి, అయ్యాక చివర్లో మైనస్ బిగించండి. స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు రాకుండా ఉండాలంటే ఇదే వరస. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. బిగ్ త్రీ వల్ల దారి వెడల్పవుతుంది గానీ ఆల్టర్నేటర్ పెద్దదైపోదు. కరెంటే తక్కువైతే వెడల్పాటి దారిలోనూ తక్కువే వస్తుంది.

క్యాపాసిటర్, బ్యాటరీ, ఆల్టర్నేటర్: ఏది ముందు?

హెడ్‌లైట్లు మసకబారుతున్నాయని షాపుకెళ్తే మొదట చూపించేది నీలం లైటు వెలిగే క్యాపాసిటర్. లెక్క వేద్దాం. 1 ఫ్యారడ్ క్యాపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇచ్చేది 26 జౌళ్లు. మన యాంప్ ఫుల్‌గా లాగేది సెకనుకి 1250. అంటే 0.02 సెకన్లలో అయిపోతుంది. 40 హెర్ట్జ్ బాస్ నోట్‌లో ఒక్క ఊపుకే 0.025 సెకన్లు పడుతుంది. ట్యాంకు ఎండిపోతుంటే చెంబుతో నీళ్లు పోసినట్టు. పైగా ఖాళీ అయిన చెంబుని మళ్లీ నింపాల్సింది ఆ ఆల్టర్నేటరే.

బ్యాటరీ పెద్దది వేయడం కొంతవరకు పనికొస్తుంది. చిన్న పెట్రోల్ కార్లలో 35 ఏహెచ్ బ్యాటరీ మామూలు. ట్రేలో పట్టే పెద్ద సైజు వేస్తే బీట్‌ల మధ్య ఊపిరి దొరుకుతుంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, ఇంకేదైనా, మామూలు కారు బ్యాటరీలు సెల్ఫ్ కొట్టడం కోసం చేసినవి. ఇంజన్ ఆపి గంటలకొద్దీ పాటలు పెట్టడానికి చేసినవి కావు. 35 ఏహెచ్‌లో సగం వాడేసరికే సెల్ఫ్‌కి కష్టం. 30 ఆంపియర్ల చొప్పున లాగితే అది అరగంట ముచ్చట. ఊరి బయట కారు ఆపి పార్టీ చేసుకుని, చివర్లో అందరూ కలిసి తోసేది ఇందుకే.

రెండో బ్యాటరీ డిక్కీలో పెట్టాలనుకుంటే మామూలు యాసిడ్ బ్యాటరీ వద్దు. చార్జ్ అయ్యేటప్పుడు దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది, క్యాబిన్‌లో అది ప్రమాదం. సీల్ చేసిన ఏజీఎం రకం పెట్టాలి, కదలకుండా గట్టిగా బిగించాలి, రెండు బ్యాటరీలని కలిపే వైరుకి రెండు కొసల్లోనూ ఫ్యూజులు ఉండాలి. ఎందుకంటే ఇప్పుడు వైరుకి రెండు వైపుల నుంచీ కరెంటు రాగలదు.

చివరికి మిగిలేది ఆల్టర్నేటర్. సగటు ఖర్చే మిగులుని మించిపోతుంటే అసలైన మందు ఇదొక్కటే. కొనేటప్పుడు గరిష్ఠ ఆంపియర్లు ఎంత అని కాకుండా 'ఐడిల్‌లో ఎంత ఇస్తుంది' అని అడగండి. మన బతుకంతా ట్రాఫిక్‌లోనే కదా.

కొత్త కార్లకి వేరే జాగ్రత్తలు

ఈమధ్య వస్తున్న చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ని ఇంజన్ కంప్యూటరే నడిపిస్తుంది. ఇంధనం ఆదా కోసం వోల్టేజిని కావాలని తగ్గిస్తుంది, బ్రేక్ వేసినప్పుడు పెంచుతుంది. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటే మీ కారు ఈ రకమేనని అనుమానించొచ్చు. అలాంటి కారులో కొత్త ఎర్త్ వైర్లని నేరుగా మైనస్ పోల్‌కి బిగిస్తే, ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు. సెన్సర్‌కి అవతల, బాడీ వైపు బిగించాలి. మారుతీ సియాజ్, ఎర్టిగాల్లో వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ లాంటి మైల్డ్ హైబ్రిడ్‌లలో ఆల్టర్నేటర్ స్థానంలో స్టార్టర్, జనరేటర్ కలిసిన మోటారు ఉంటుంది. అక్కడ ఆల్టర్నేటర్ మార్చడం అనే మాటే లేదు.

ఈవీల్లో అసలు ఆల్టర్నేటరే ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ అనే డబ్బా 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేస్తుంది. దాని పరిమితి కారు సొంత అవసరాలకి లెక్కేసి పెట్టింది. నారింజ రంగు కేబుల్స్ కనిపిస్తే అటువైపు చెయ్యే పెట్టకండి, అది ప్రాణం తీసే వోల్టేజి. ఈవీలో పెద్ద యాంప్ కావాలంటే ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి, ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.

ఏ కారులోనైనా ఇంకో రెండు చిన్న సంగతులు. యాంప్‌ని ఆన్ చేసే సన్నటి రిమోట్ వైరుని స్టీరియో నుంచే తీయాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే యాంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున కారు మేలుకోదు. అలాగే పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లని పవర్ వైరు వెళ్లిన వైపు కాకుండా రెండో వైపు నుంచి తీసుకెళ్లండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో వచ్చే కుయ్ మనే శబ్దం చాలావరకు రాదు.

ఇంతకీ మీకు ఎంత కావాలి?

500 వాట్ల నుంచి 1000కి వెళ్తే సౌండ్ రెట్టింపు అవుతుందనుకుంటాం. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పది రెట్లు కావాలి. అంటే యాంప్ రెట్టింపు చేస్తే కరెంటు భారం రెట్టింపు, బ్యాటరీ భారం రెట్టింపు, చెవికి తెలిసేది కొంచెం. ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న సబ్, దానికి కొలత ప్రకారం చేసిన బాక్సు, డోర్లలో కాస్త డ్యాంపింగ్ షీట్లు వేస్తే 300 వాట్లతోనే చిన్న కారు దద్దరిల్లుతుంది. అంతవరకైతే మంచి స్థితిలో ఉన్న కంపెనీ ఆల్టర్నేటర్, బ్యాటరీ సాధారణంగా సరిపోతాయి. సరైన వైరు, ఫ్యూజు, ఎర్త్ మాత్రం అప్పుడూ కావాలి.

చెవుల లెక్క కూడా చూసుకోండి. అమెరికాలోని 'నియోష్' సంస్థ పనిచేసే చోట శబ్దానికి పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. ఇక కారు బయట వాళ్ల సంగతి: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు.

బిల్లు దాచుకోండి. కంపెనీ వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ దగ్గర పేచీ వస్తుంది. విడిగా పెట్టిన ఎలక్ట్రికల్ సామాను మోటార్ పాలసీలోకి రావాలంటే, ఐఎంటీ-24 కింద వాటి విలువ చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి. ఈ సంగతి ప్రమాదం జరిగాక తెలిస్తే లాభం లేదు, బిగించిన వారంలోనే ఏజెంట్‌కి ఫోన్ చేయండి.

ఇక డబ్బు ఖర్చు పెట్టే వరస. ముందు వైరు, ఫ్యూజు, ఎర్త్. తర్వాత బిగ్ త్రీ. ఆ తర్వాత మంచి బ్యాటరీ. అప్పటికీ వోల్టేజి నిలబడకపోతే ఆల్టర్నేటర్. యాంప్ సైజు వీటన్నిటి లెక్క తేలాకే ఖాయం చేయండి. ఆటోనగర్‌కి వెళ్లినా, పెద్ద షోరూంకి వెళ్లినా, బిగించేవాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: 'ఫ్యూజు బ్యాటరీకి ఎంత దూరంలో పెడతారు? ఆ సైజు ఏ లెక్కన వేస్తున్నారు?' తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల చేతికే కారు తాళం ఇవ్వండి.